తల్లి జబ్బు, బిడ్డకు శిక్ష

హాంకాంగ్‌లో ముగ్గురు యువకులు ప్రభుత్వోద్యోగాలకు ఎంపికయ్యారు. ఇద్దరిని అగ్నిమాపక శాఖ, ఒకరిని కస్టమ్స్ శాఖ ఎంచుకున్నాయి. ముగ్గురూ ఆరోగ్యవంతులే. మానసిక జబ్బు ఛాయలు ఒక్కరిలోనూ లేవు. అయినా ఆ శాఖలు వాళ్లను వద్దు పొమ్మన్నాయి. కారణం, వాళ్ల తల్లికో తండ్రికో స్కిజోఫ్రీనియా ఉండటం. రేపు బిడ్డకూ అదే రావచ్చు, వస్తే ప్రజల భద్రతకు ముప్పు కావచ్చు అన్నది అధికారుల వాదన. యువకులు కోర్టుకెక్కారు. ఏ మానసిక జబ్బు ఎంతమంది పిల్లలకు వస్తుందో లెక్కగట్టడంలోనే జీవితం గడిపిన అమెరికన్ పరిశోధకుడు ఇర్వింగ్ గాటెస్‌మన్ వాళ్ల తరఫున సాక్ష్యం చెప్పారు. 2000 సెప్టెంబరులో అక్కడి జిల్లా కోర్టు ప్రభుత్వ వాదనను తోసిపుచ్చింది. జబ్బు వచ్చే అవకాశం నలుగురికంటే కొంత ఎక్కువగా ఉన్నంత మాత్రాన ఆ మనిషి ఉద్యోగానికి పనికిరాకుండా పోడని, ఇతరుల భద్రతకు నిజమైన ముప్పేమీ కాదని తేల్చింది. ముగ్గురికీ కలిపి సుమారు 28 లక్షల హాంకాంగ్ డాలర్ల పరిహారం ఇప్పించింది.

అక్కడ అది కోర్టుకు అందిన అన్యాయం. ఒక శాఖ ఉంది, ఒక ఉత్తర్వు ఉంది, నిలదీయడానికి ఒక చట్టం ఉంది. మన దగ్గర ఆ శాఖలు చెప్పిన తీర్పే పెళ్లి సంబంధాల ఆరాలో వెలువడుతుంది. తీర్పు చెప్పినవారి సంతకం ఎక్కడా ఉండదు. ‘అమ్మాయి బంగారం, కానీ వాళ్లమ్మను ఎర్రగడ్డకు తీసుకెళ్లేవారట’ అని మధ్యవర్తి గొంతు తగ్గించి చెబుతాడు. ఎర్రగడ్డ అంటే హైదరాబాద్‌లో మానసిక వైద్యశాల ఉన్న చోటు. విశాఖ వైపైతే దాని స్థానంలో చినవాల్తేరు వస్తుంది. అంతే, సంబంధం తప్పిపోతుంది. కారణం అడిగితే జాతకాలు కలవలేదంటారు. ఆ పిల్లకు తాను ఏ నేరం మీద దోషిగా తేలిందో కూడా తెలియదు. తెలిస్తే జవాబు చెప్పుకునే చోటు లేదు.

నేరారోపణ ఇంత తేలికగా చెల్లుతున్నది దాని వెనుక ఒక నిజం ఉండబట్టే. తల్లిదండ్రుల మానసిక జబ్బు పిల్లలకు వస్తుందా అన్న ప్రశ్న మూఢనమ్మకం నుంచి పుట్టింది కాదు. దానికి సూటిగా జవాబు చెప్పాల్సిందే. డెన్మార్క్‌లో 27 లక్షల మంది రికార్డులను జల్లెడపట్టి గాటెస్‌మన్ బృందం 2010లో ఒక లెక్క తేల్చింది. తల్లిదండ్రుల్లో ఎవరికీ స్కిజోఫ్రీనియా లేని పిల్లల్లో 52 ఏళ్లు వచ్చేసరికి ఆ జబ్బు బారినపడేవారు 0.86 శాతం. ఒకరికి ఉంటే 7 శాతం. ఇద్దరికీ ఉంటే 27 శాతం. బైపోలార్ డిజార్డర్‌లో ఒకరికి ఉంటే 4.4 శాతం, ఇద్దరికీ ఉంటే 25 శాతానికి కాస్త తక్కువ. అంటే వంశపారంపర్యం ఉంది. ఎనిమిది రెట్ల తేడాను కాదనడం చదువుకున్నవాళ్లు చేయాల్సిన పని కాదు. కానీ అదే లెక్కను రెండో వైపు నుంచి చదవండి. తల్లికి స్కిజోఫ్రీనియా ఉన్న నూరుమంది పిల్లల్లో తొంభైముగ్గురికి ఆ జబ్బు రాలేదు. మన ఇళ్లలో ఆ నూరుమందినీ ఒకే గాటన కట్టి పక్కన పెడుతున్నారు. తండ్రికి టైప్ 2 షుగరు ఉంటే కొడుక్కి వచ్చే అవకాశం ఈ 7 శాతం కంటే చాలా ఎక్కువ. షుగరున్న మామగారి ఇంటికి పిల్లనివ్వడానికి వెనుకాడిన కుటుంబం మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఎక్కడైనా ఉందా?

ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. స్కిజోఫ్రీనియాతో బాధపడేవారిలో అత్యధికులకు తల్లికిగానీ తండ్రికిగానీ ఆ జబ్బు ఉండదు. అటు ఏడు తరాలు ఇటు ఏడు తరాలు తవ్వి ‘శుభ్రమైన’ ఇల్లని తేల్చుకున్న ఇంట్లోనూ అది తలెత్తుతుంది. ఆరా తీసేవారు తమకు తాము ఇచ్చుకుంటున్న హామీ ఉత్తదే.

‘స్కిజోఫ్రీనియా ఎనభై శాతం జన్యుపరం’ అనే వాక్యం ఆరోగ్య శీర్షికల్లో తరచూ కనిపిస్తుంది. చదివినవారు అది బిడ్డకు జబ్బు వచ్చే అవకాశమనుకుంటారు. కవల పిల్లల మీద జరిగిన అధ్యయనాల నుంచి తీసిన ఆ సంఖ్య ఒక జనాభాలో మనిషికీ మనిషికీ మధ్య కనిపించే తేడాలో జన్యువుల వాటా ఎంతో చెబుతుంది. ఫలానా తల్లి కన్న ఫలానా బిడ్డ గురించి అది ఏమీ చెప్పదు. ఒకే జన్యుపటంతో పుట్టిన సమరూప కవలల్లో ఒకరికి జబ్బు ఉంటే రెండోవారికి వచ్చేది మహా అయితే సగం సందర్భాల్లో. కొన్ని అధ్యయనాల్లో అంతకన్నా తక్కువే. హంటింగ్టన్ వ్యాధిలా ఒక్క జన్యువు చేతిలో తలరాత ఉండి, బిడ్డకు సగానికి సగం అవకాశం మోసుకొచ్చే జబ్బుల కోవ వేరు. 2022లో వెలువడిన అంతర్జాతీయ అధ్యయనం స్కిజోఫ్రీనియాతో ముడిపడిన జన్యుస్థానాలను 287 దాకా గుర్తించింది. వాటిలో దాదాపు ప్రతిదాని ప్రభావమూ అతి స్వల్పం. అక్కడ ముప్పు పెంచే జన్యురూపాల్లో కొన్ని ఈ వాక్యం చదువుతున్న వారందరిలోనూ ఉంటాయి. 22వ క్రోమోజోమ్‌లో ఒక చిన్న ముక్క లోపించినవారిలో నలుగురికి ఒకరు చొప్పున జబ్బు బారినపడటం వంటి మినహాయింపులు లేకపోలేదు. అవి అరుదు. పైగా ఆ లోపం చాలాసార్లు తల్లిదండ్రుల్లో లేకుండానే బిడ్డలో కొత్తగా తలెత్తుతుంది.

ఈ చర్చలో తరచూ ఉదహరించే పాత అధ్యయనం ఒకటుంది. అమెరికాలోని ఆరెగన్‌లో ప్రభుత్వ మానసిక వైద్యశాలలో ఉన్న స్కిజోఫ్రీనియా బాధితురాళ్లకు పుట్టి, మూడు రోజుల్లోపే తల్లికి దూరమై వేరే చోట పెరిగిన 47 మందిని లియొనార్డ్ హెస్టన్ అనే వైద్యుడు వెతికి పట్టుకున్నాడు. వాళ్లతో పోల్చడానికి జబ్బు లేని తల్లులకు పుట్టి, అలాగే వేరుగా పెరిగిన 50 మందిని తీసుకున్నాడు. 1966లో ఫలితాలు ప్రకటించాడు. మొదటి గుంపులో అయిదుగురికి స్కిజోఫ్రీనియా వచ్చింది, రెండో గుంపులో ఒక్కరికీ రాలేదు. తల్లి పెంపకంతో నిమిత్తం లేకుండానే జబ్బు సంక్రమించగలదని అది గట్టిగా నిరూపించింది. ఆ అయిదుగురిని అందరూ గుర్తుంచుకున్నారు. మిగతా 42 మందిలో సగం మంది దాకా ఏ చిక్కూ లేకుండా స్థిరపడ్డారని, పోల్చిచూసిన గుంపుకంటే వాళ్ల జీవితాలే మరింత రంగులమయంగా ఉన్నాయని అదే వ్యాసంలో హెస్టన్ రాశాడు. ఆ భాగాన్ని ఎత్తిచూపేవారు తక్కువ. తర్వాత ఫిన్లాండ్‌లో దత్తత వెళ్లిన పిల్లల మీద జరిగిన సుదీర్ఘ పరిశీలన ఇంకో మెలిక చూపింది. తల్లి వైపు నుంచి జన్యు ప్రమాదం ఉన్న పిల్లల్లో జబ్బు తలెత్తింది ప్రధానంగా కలతలున్న ఇళ్లలో పెరిగినవారికి. సామరస్యం ఉన్న ఇళ్లలో పెరిగినవారికి ఆ ముప్పు బాగా తగ్గింది. పుట్టుకతో వచ్చేది తూగడానికి సిద్ధంగా ఉన్న తక్కెడ. అది ఏ వైపు మొగ్గుతుందన్నది కొంతవరకు చుట్టూ ఉన్నవాళ్ల చేతుల్లో ఉంది.

దీనర్థం నేరాన్ని పెంపకం మీదికి నెట్టమని కాదు. ఆ తప్పూ ప్రపంచం చేసింది. 1948లో ఫ్రీడా ఫ్రామ్-రైష్‌మన్ అనే ప్రముఖ మానసిక వైద్యురాలు బిడ్డకు స్కిజోఫ్రీనియా తెచ్చిపెట్టే తల్లి అనే ఊహను ప్రచారంలో పెట్టింది. దశాబ్దాలపాటు ఎందరో తల్లులు చేయని పాపాన్ని మోశారు. మన ఊళ్లలో దాని బదులు చేతబడి, గాలి సోకడం ఉన్నాయి. ‘గారాబం చేసి చెడగొట్టావు’ అనే మాట మాత్రం రెండు చోట్లా ఒక్కటే. జన్యువులను పూర్తిగా కాదనేవారు తల్లి నడతను దోషిని చేస్తారు. జన్యువులే సర్వస్వమనేవారు తల్లి రక్తాన్ని దోషిని చేస్తారు. ఇద్దరి చేతిలోనూ తల్లికి విడుదల లేదు.

రక్తాన్ని దోషిగా నిలబెట్టిన రాజ్యం ఎంతదూరం వెళ్లగలదో 20వ శతాబ్దం చూసింది. 1927లో అమెరికా సుప్రీంకోర్టు ‘బక్ వర్సెస్ బెల్’ కేసులో, మానసికంగా అనర్హులని ముద్రపడినవారికి బలవంతంగా సంతానం కలగకుండా చేసే వర్జీనియా చట్టాన్ని సమర్థించింది. 1933 జూలైలో నాజీ జర్మనీ వంశపారంపర్య రోగుల సంతానాన్ని నివారించే చట్టం తెచ్చింది. స్కిజోఫ్రీనియా, బైపోలార్ రెండూ ఆ జాబితాలో ఉన్నాయి. ఆ చట్టానికి అధికారిక వ్యాఖ్యానం రాసినవారిలో ఒకరు ఎర్నెస్ట్ రూడిన్. మానసిక జబ్బుల వంశపారంపర్యాన్ని గణితంతో కొలవడానికి పూనుకున్న తొలితరం శాస్త్రవేత్త ఆయన. 1916లో ఆయనే వెలువరించిన అధ్యయనంలో ఆ జబ్బు మెండెల్ సూత్రాలకు సరళంగా లొంగలేదు. తన అంకెలు అంత గట్టిగా చెప్పని మాటను ఆయన చట్టంలోకి ఎక్కించాడు. సుమారు నాలుగు లక్షల మంది సంతాన నిరోధ శస్త్రచికిత్సలకు గురయ్యారు. 1941 ఆగస్టు నాటికి సుమారు 70 వేల మంది రోగులను విషవాయువుతో చంపారు. మానవత్వం మాట పక్కన పెట్టి, ఆ హంతకుల కొలమానంతోనే చూసినా అది విఫల ప్రయోగం. యుద్ధం ముగిశాక జర్మనీలో కొత్తగా స్కిజోఫ్రీనియా బారినపడేవారు తగ్గలేదు.

ఆ చరిత్రతో మనకేం సంబంధమని అనుకునేవారు హిందూ వివాహ చట్టం సెక్షన్ 5 తెరిచి చూడాలి. 1976 సవరణ తర్వాత దాని రెండో నిబంధన ఇలా నడుస్తుంది: చెల్లుబాటయ్యే సమ్మతి ఇవ్వగలిగిన స్థితిలోనే ఉన్నా, ‘వివాహానికి, సంతానోత్పత్తికి తగని’ రకం లేదా స్థాయి మానసిక రుగ్మత ఉన్నవారి పెళ్లి రద్దుకు అర్హం. సమ్మతి ఇవ్వలేని మనిషికి పెళ్లి చేయకూడదన్న నియమంలో న్యాయం ఉంది. తెలిసి, ఇష్టపడి పెళ్లాడుతున్న మనిషికి బిడ్డలను కనే అర్హత ఉందో లేదో రాజ్యం ఎందుకు నిర్ణయించాలి? ప్రత్యేక వివాహ చట్టంలోనూ ఇదే భాష ఉంది. విడాకుల సెక్షన్‌లోనైతే స్కిజోఫ్రీనియాను పేరు పెట్టి మరీ చేర్చారు. క్యాన్సర్‌కు, గుండెజబ్బుకు, మూత్రపిండాల వ్యాధికి దక్కని ప్రత్యేకత అది.

పార్లమెంటుకు ఇలాంటి తప్పులు దిద్దుకోవడం తెలియక కాదు. ఒకప్పుడు హిందూ వివాహ చట్టం సెక్షన్ 5లో మూర్ఛవ్యాధి కూడా ఉండేది. 1999లో తీసేశారు. కుష్ఠు 2019 దాకా విడాకులకు కారణంగా ఉండేది. 19వ శతాబ్దపు నార్వేలో ప్రసిద్ధ వైద్యులే కుష్ఠును వంశపారంపర్య వ్యాధిగా బోధించేవారు. 1873లో అక్కడి వైద్యుడే అయిన హాన్సెన్ దాని వెనుక ఉన్న సూక్ష్మజీవిని కనిపెట్టాడు. మన చట్టపుస్తకం నుంచి ఆ పేరు తొలగడానికి మరో 146 ఏళ్లు పట్టింది. మానసిక జబ్బు వంతు ఎప్పుడొస్తుందో చెప్పే నాథుడు లేడు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, మానసిక జబ్బుకు చికిత్స పేరుతో స్త్రీలకుగానీ పురుషులకుగానీ సంతాన నిరోధ శస్త్రచికిత్స చేయడాన్ని నిషేధించింది. జబ్బు ఉన్నంత మాత్రాన మనిషిని మతిలేనివాడిగా లెక్కించరాదని స్పష్టంగా రాసింది. ఒక చట్టం సంతాన హక్కును కాపాడుతుంది, ఇంకో చట్టం అదే సంతానానికి ఆ మనిషి తగునా అని అడుగుతుంది. రెండూ అమలులోనే ఉన్నాయి.

న్యాయస్థానాలు చట్టం కంటే ముందున్నాయి. జబ్బు పేరు ఒక్కటే చాలదని, దాని తీవ్రత కాపురం చేయలేనంతగా ఉందని రుజువు కావాలని సుప్రీంకోర్టు 1988లోనే చెప్పింది. 2013 సెప్టెంబరులో ఒక తెలుగు వైద్య దంపతుల కేసు ఆ కోర్టు ముందుకు వచ్చింది. భార్యకు స్కిజోఫ్రీనియా ఉందని భర్త విడాకులు కోరాడు, కింది కోర్టు ఇచ్చింది, హైకోర్టు కొట్టేసింది. ఆమె వైద్యవిద్య పూర్తిచేసి, ప్రభుత్వ వైద్యాధికారిగా పనిచేస్తున్నదన్న వాస్తవాన్ని సుప్రీంకోర్టు లెక్కలోకి తీసుకుని హైకోర్టు తీర్పునే ఖాయం చేసింది. రోగులకు చికిత్స చేస్తున్న మనిషి తాను భార్యగా పనికొస్తానని దేశ అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్లి నిరూపించుకోవాల్సి వచ్చింది. చదువూ ఉద్యోగమూ లేని ఆడపిల్ల ఆ మెట్లు ఎలా ఎక్కుతుంది?

ఎక్కలేదు కాబట్టే దాచిపెడుతుంది. ఈ సామాజిక తీర్పు వల్ల జరుగుతున్న అసలు నష్టం ఇక్కడే ఉంది. అక్కకు జబ్బని తెలిస్తే చెల్లెలి పెళ్లి ఆగిపోతుంది. అందుకని అక్కను డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లరు, తీసుకెళ్లినా పక్క జిల్లాకు తీసుకెళతారు. మందుల చీటీ చించేస్తారు. పెళ్లి కుదిరితే అత్తారింట్లో ఎవరైనా చూస్తారని మాత్రలు ఆపిస్తారు. నిద్రలేని పెళ్లిపనులు, కొత్త ఇల్లు, ఆపేసిన మందు, ఆ తర్వాత కాన్పు. జబ్బు తిరగబెట్టడానికి ఇంతకంటే అనువైన కాలం లేదని ఏ మానసిక వైద్యుణ్ని అడిగినా చెబుతాడు. అప్పుడు మోసం చేశారన్న కేసు. మోసం జరిగిందన్న మాట నిజమే. నిజం చెప్పినవారిని శిక్షించే ఏర్పాటు చేసుకున్న సమాజానికి ఆ ఫిర్యాదు చేసే అర్హత ఎంతుందో వేరే సంగతి. ‘పెళ్లి చేస్తే అదే కుదురుతుంది’ అని సలహా ఇచ్చే పెద్దలు ఈ విధ్వంసంలో మొదటి ముద్దాయిలు. తల్లిని చూసి పిల్లను తెచ్చుకోమనే సామెతను రక్తపరీక్షలా వాడే మధ్యవర్తులు ఆ తర్వాత వస్తారు. మేనమామకు పిల్లనిచ్చే ఆచారాన్ని వదులుకోలేని ఇళ్లలోనే, మేనరికపు సంతానానికి కొన్ని జన్యు వ్యాధుల ముప్పు పెరుగుతుందని వైద్యులు ఎంత మొత్తుకున్నా వినని ఇళ్లలోనే, పరాయి ఇంటి రక్తం మీద ఇంత పట్టింపు ఉండటం విడ్డూరం.

ఉద్యోగం, బీమాల దగ్గర పరిస్థితి మెరుగని చెప్పలేం. హాంకాంగ్ చట్టం బంధువు వైకల్యాన్ని చూపి మనిషిని తిరస్కరించడాన్ని కూడా వివక్షగా లెక్కగట్టింది. అందుకే ఆ యువకులు గెలిచారు. అమెరికా 2008లో తెచ్చిన చట్టం ఉద్యోగం, ఆరోగ్య బీమా విషయంలో కుటుంబ వైద్య చరిత్రను కూడా జన్యు సమాచారంగానే పరిగణించి రక్షించింది. జీవిత బీమాకు మాత్రం ఆ రక్షణ లేదు. మన 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం వైకల్యం ఉన్న వ్యక్తిపై వివక్ష కూడదంది. ఆరోగ్యంగా ఉన్న ఆ వ్యక్తి బిడ్డ గురించి విడిగా ఏమీ చెప్పలేదు. ఆరోగ్య బీమాలో జన్యు వ్యాధులన్న సాకుతో క్లెయిము ఎగ్గొట్టడాన్ని ఢిల్లీ హైకోర్టు 2018 ఫిబ్రవరిలో తప్పుబట్టింది. అది గుండెజబ్బు కేసు, ఆ వివాదం తర్వాత సుప్రీంకోర్టు గడప తొక్కింది. ప్రైవేటు సంస్థ వైద్యపరీక్షలో ‘ఇంట్లో ఎవరికైనా మానసిక జబ్బు ఉందా’ అని అడిగితే కాదనడానికి ఒక యువకుడి చేతిలో సూటిగా చూపించగల సెక్షన్ లేదు. జన్యు పరీక్షలు చౌకవుతున్నకొద్దీ ఈ ఖాళీ మరింత ప్రమాదకరమవుతుంది.

ఒక గడ్డు నిజాన్ని దాచి వాదన నెగ్గించుకోవడం ఈ పత్రికకు ఇష్టం లేదు. తీవ్ర మానసిక జబ్బున్న తల్లిదండ్రుల పిల్లలపై జరిగిన అధ్యయనాలన్నిటినీ కలిపి చూసిన 2014 నాటి సమీక్ష ప్రకారం, అదే జబ్బు అని కాకుండా సైకోసిస్, బైపోలార్, తీవ్ర కుంగుబాటుల్లో ఏదో ఒకటి వచ్చే అవకాశం ఆ పిల్లలకు మూడో వంతు దాకా ఉంది. పెళ్లిచూపుల దగ్గర ఈ అంకెకు పని లేదు. ఆసుపత్రి దగ్గర ఉంది. ఏ పిల్లలకు ముందుగా తోడ్పాటు కావాలో ప్రభుత్వానికి అది వేలుపెట్టి చూపిస్తున్నది. తల్లి ఓపీ చీటీ పట్టుకుని వచ్చిన పన్నెండేళ్ల కూతుర్ని ‘బడికి పోతున్నావా, నిద్ర పడుతోందా, ఇంట్లో వంట ఎవరు చేస్తున్నారు’ అని అడిగే బాధ్యత మన వ్యవస్థలో ఎవరికీ అప్పగించలేదు. ఇంటి సామరస్యం జన్యు ప్రమాదాన్ని తగ్గిస్తుందని ఫిన్లాండ్ పిల్లలు నేర్పిన పాఠం తెలిసి కూడా, ఆ ఇంటికి ఒక సామాజిక కార్యకర్తను పంపే పద్ధతి లేదు. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం 1996 నుంచి కాగితాల మీద ఉంది. దేశంలో లక్ష జనాభాకు ఒక్క మానసిక వైద్యుడు కూడా లేడు. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే జరిగిన పన్నెండు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణ లేదు. జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదని ఆ సర్వే తేల్చింది. మన రెండు రాష్ట్రాల అంకె ఎంతో ఆ సర్వే చెప్పలేదు. ఫోనులో మానసిక సాయం అందించే ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416 మోగుతున్నది, సంతోషం. ఫోను పెట్టేశాక వెళ్లడానికి మండలంలో ఒక చోటు ఉండాలి కదా.

అన్నిటికంటే ముందు జరగాల్సిన పనికి నిధులు అక్కర్లేదు. హిందూ వివాహ చట్టం, ప్రత్యేక వివాహ చట్టం రెండింటి నుంచీ సంతానోత్పత్తి అర్హత అన్న మాటను, విడాకుల నిబంధన నుంచి స్కిజోఫ్రీనియా పేరును కొట్టేయాలి. వికలాంగుల హక్కుల చట్టంలో కుటుంబ సభ్యుడి జబ్బు ఆధారంగా చూపే వివక్షను కూడా నేరంగా చేర్చాలి. 1999లో మూర్ఛకు, 2019లో కుష్ఠుకు చేసిన సవరణల ముసాయిదాలు న్యాయశాఖ బీరువాల్లో ఉన్నాయి. తెలుగు రాష్ట్రాల ఎంపీల్లో ఒక్కరు ప్రైవేటు బిల్లు పెట్టినా, ఇంతకాలం ఆ నిబంధనను ఎందుకు మోస్తున్నారో కేంద్రం సభలో చెప్పాల్సి వస్తుంది.